బ్రేకు మీద లేని కాలు

మొదటిసారి అది వదిలేసింది జడ్చర్ల దాటాక. మా అక్క మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారంటే కడప పోతున్నాం. పొద్దున్నే బయల్దేరాం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. ఎనభై మీద క్రూజ్ కంట్రోల్ పెట్టి, కుడికాలు తీసి పక్కన పెట్టుకున్నాను. ఒక వంతెన అతుకు మీద కారు చిన్నగా ఎగిరి దిగింది. అంతే, స్పీడోమీటర్ పక్కన క్రూజ్ పచ్చలైటు ఆరిపోయింది. కారు నెమ్మదించింది. వెనక వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

"బ్రేక్ తాకినవా?" అని అడిగింది మా ఆవిడ.

"లేదు."

"మరి ఎందుకు స్లో అయింది?"

"ఏమో. దానంతట అదే వదిలేసింది."

మళ్ళీ బటన్ నొక్కితే పట్టుకుంది. కర్నూలు దాకా బాగానే పోయింది. నంద్యాల రోడ్డులో మళ్ళీ వదిలేసింది. తిరిగి వచ్చేటప్పుడు షాద్‌నగర్ దాకా ఏమీ లేదు, ఆ తర్వాత వెంటవెంటనే రెండుసార్లు. ఎప్పుడు పట్టుకుంటుందో, ఎప్పుడు వదులుతుందో తెలియని దాన్ని నమ్ముకొని కాలు పక్కన పెట్టుకోలేం. ఇల్లు చేరేదాకా యాక్సిలరేటర్ తొక్కుతూనే వచ్చాను.

క్రూజ్ కంట్రోల్ ఉన్న కారే కావాలని పట్టుబట్టింది నేనే. పాత కారులో ఊరికి పోయినప్పుడల్లా కుడి పిక్క పట్టేసేది. దిగాక అక్కావాళ్ళ ఇంటి మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకునేవాణ్ణి. ఈ కారులో ఆ బాధ లేదు. మనకు కావలసిన వేగం దగ్గర బటన్ నొక్కితే ఇంజను ఆ వేగాన్నే పట్టుకొని పోతుంది. బ్రేకు మీద కాలు ఆనించగానే వదిలేస్తుంది. రెండేళ్ళు నన్ను అంత సుఖంగా ఊరికి చేర్చింది.

సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. కంప్యూటర్ తగిలించి చూశారు. సాయంత్రం తీసుకుపోవడానికి వెళ్తే సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పాడు.

"సిస్టమ్‌ల ఏ ప్రాబ్లమ్ లేదు సార్. బ్రేక్ నొక్కినట్టు సిగ్నల్ వస్తున్నది, అందుకే వదిలేస్తున్నది. అది దాని డ్యూటీ."

"నేను నొక్కలేదు కదా."

"తెల్వకుండ కాలు తగుల్తుండొచ్చు సార్. కొందరికి అయితది."

అతను ఎగతాళిగా అనలేదు. అందుకే ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది.

నాకు షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది. మాత్రలు వేసుకుంటాను, పొద్దున నడుస్తాను, పెళ్ళిళ్ళలో మాత్రం తినేస్తాను. ఆ మధ్య రాత్రిళ్ళు పాదాల్లో చీమలు పాకినట్టు ఉండేది. వయసు అనుకున్నాను. సూపర్‌వైజర్ మాట విన్నాక పడుకునే ముందు ఎడమ బొటనవేలితో కుడి పాదం తడిమి చూసుకోవడం మొదలుపెట్టాను. తెలుస్తున్నట్టే ఉండేది. తెలుస్తోందా, తెలుస్తుందని అనుకుంటున్నానా అన్నది మాత్రం తేలేది కాదు.

ఆ తర్వాత వారంలోనే చెప్పు సంగతి జరిగింది. మేం ఉండేది తార్నాకలో. నేను పనిచేసేది యూనివర్సిటీ లైబ్రరీలో. పొద్దున నడకకు క్యాంపస్‌లోకే పోతాను. ఆ వేళకు చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు పుస్తకం చేతిలో పట్టుకొని, పైకి చదువుకుంటూ అటూ ఇటూ నడుస్తుంటారు. ఆ రోజు హాస్టళ్ళ వైపు నుంచి వస్తుంటే వెనకనుంచి ఒకమ్మాయి పిలిచింది.

"సార్, మీ చెప్పు."

ఆగి తిరిగి చూశాను. చాలా దూరంలో రోడ్డు మధ్య ఒక చెప్పు పడి ఉంది. కిందికి చూసుకుంటే నా కుడికాలు ఉత్తదే. పాదానికి మట్టి, ఒక ఎండుటాకు అంటుకొని ఉన్నాయి. చెప్పు ఎప్పుడు జారిందో, ఎంతసేపటి నుంచి ఉత్తకాలితో నడుస్తున్నానో నాకు తెలియలేదు. ఆ అమ్మాయి వేలు పెట్టి పుస్తకం మూసి, చెప్పు తెచ్చి నా ముందు పెట్టింది. "థాంక్స్ అమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ పుస్తకం తెరుచుకొని వెళ్ళిపోయింది. నేను అక్కడి సిమెంటు బెంచీ మీద కూర్చొని పాదం తిప్పి చూసుకున్నాను. బొటనవేలి కింద చిన్న రాయి గుచ్చుకొని ఉంది. తీసేశాను. నొప్పి లేదు. నొప్పి ఉండుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇంట్లో చెప్పలేదు. ఆ చెప్పుల పట్టీ వదులైందన్నాను, కొత్తవి కొన్నాను.

ఆ మీదట లైబ్రరీలో నాతో పనిచేసే ఒకతను ఒకరోజు టీ తాగుతూ అన్నాడు, "సార్, పొద్దున మీ కారు వెనకాలనే వచ్చిన. ముందల ఎవరు లేకున్నా మీ బ్రేక్ లైట్లు ఊకె వెలుగుతున్నయ్. కారుకు ఏమన్న అయిందా?"

"లేదే. అలవాటు" అన్నాను.

అతను వేరే మాటలోకి పోయాడు. నాకు మాత్రం ఇక అనుమానం లేకుండా పోయింది. కారు కాదు, నేనే. నా కాలు నాకు చెప్పకుండా బ్రేకు మీదికి పోతోంది. ఈ రోజు బ్రేకు మీదికి పోయింది, రేపు యాక్సిలరేటర్ మీదికి పోతే? క్యాంపస్ రోడ్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు పుస్తకంలోకి చూస్తూ నడుస్తుంటారు. ఆ సాయంత్రం కారు ఇంటికి తెచ్చి, సెల్లార్‌లో పెట్టి, మళ్ళీ తీయలేదు.

మా ఆవిడ లాలాపేట్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తుంది. తనకు స్కూటర్ ఉంది. కారు నడపడం వచ్చు గానీ ఊళ్ళో మాత్రమే, అదీ తప్పనిసరైతేనే. నేను లైబ్రరీకి నడిచిపోవడం మొదలుపెడితే మొదట్లో మెచ్చుకుంది. వాన రోజున కూడా గొడుగు తీసుకొని బయల్దేరితే ఏమీ అనలేదు. రామంతాపూర్‌లో వాళ్ళ చెల్లెలింటికి భోజనానికి పోవాల్సిన రోజు నేను ఆటో బుక్ చేస్తుంటే నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఏమైంది చెప్పు."

"ఏమీ కాలేదు. పార్కింగ్ దొరకదని."

"వాళ్ళింటి ముంగట లారీ పెట్టేంత జాగా ఉన్నది. కారు ఎందుకు తీస్తలేవు?"

పెళ్ళికి ముందు ఇదే క్యాంపస్‌లో మేం క్లాస్‌మేట్స్‌మి. తను జనగామ వైపు నుంచి వచ్చింది, నేను కడప నుంచి. అప్పటి నుంచీ నా అబద్ధాలు తన ముందు రెండో ప్రశ్న దాకా కూడా ఆగవు. సోఫాలో కూర్చొని అంతా చెప్పాను. సూపర్‌వైజర్ అన్నది, చెప్పు జారింది, బ్రేకు లైట్లు వెలిగింది. చెప్తుంటే నా గొంతు మామూలుగానే ఉంది గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తను లేచింది. వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పు జారింది నీ కాలు సంగతి. లైట్లు వెలిగింది కారు సంగతి కావొచ్చు, కాకపోవచ్చు. రెండింటిని నువ్వే కలిపినవ్."

"వాళ్ళు కంప్యూటర్ పెట్టి చూశారు కదా."

"బ్రేక్ నొక్కినట్టు సిగ్నల్ వస్తుందన్నరు. నీ కాలే నొక్కిందని కంప్యూటర్ చెప్పలే, వాళ్ళనుకున్నరు. ప్రాక్టికల్స్‌ల పిల్లలు గిట్ల రాసుకొస్తే నేను మార్కులేయ."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు గానీ ఊపిరి కొంచెం తేలికైంది. ఆటోలోనే భోజనానికి పోయొచ్చాం.

మరుసటి ఆదివారం పొద్దున సెల్లార్‌లోకి తీసుకుపోయింది. కారు వెనక భాగం గోడకు దగ్గరగా ఉంది. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమంది.

"ఇప్పుడు కాళ్ళు పైకి పెట్టుకో."

"ఎక్కడికి?"

"సీటు మీదికి. అన్నానికి కూర్చున్నట్టు కూర్చో."

సీటు వెనక్కి జరిపి, స్టీరింగ్ కింద మోకాళ్ళు ఇరికించుకొని, ఎలాగో బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. తను వెనక్కి పోయి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి కారును కిందికి నొక్కి వదలడం మొదలుపెట్టింది. కారు ఉయ్యాలలా ఊగుతోంది. పైఅంతస్తు ఆవిడ కూరగాయల సంచితో అటుగా వచ్చి నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నరు మేడమ్?"

"బ్రేక్ లైట్ చూస్తున్నమండి" అంది మా ఆవిడ, ఆపకుండానే.

నేను అద్దంలోకి చూస్తున్నాను. వెనక గోడ బూడిదరంగులో ఉంది. కారు ఊగుతోంది, దిగుతోంది. ఉన్నట్టుండి గోడ మీద ఎర్రటి వెలుగు పడి ఆరిపోయింది. మళ్ళీ పడింది. నేను కిందికి చూసుకున్నాను. రెండు పాదాలూ తొడల కిందే ఉన్నాయి. పెడళ్ళ దగ్గర ఏమీ లేదు.

"వెలిగింది" అంది తను వెనకనుంచి. "కాళ్ళు కింద పెట్టినవా?"

"లేదు."

"మళ్ళ ఊపుతా, చూడు."

మళ్ళీ వెలిగింది. కారు దిగి తన పక్కన నిలబడ్డాను. పైఅంతస్తు ఆవిడ సంచి కింద పెట్టి, తనూ ఒకసారి డిక్కీ నొక్కి చూసి, "అవునండి, వెలుగుతున్నది" అని సాక్ష్యం చెప్పి లిఫ్ట్ ఎక్కింది.

ఆ సంగతి తేలాక మిగతాది మరీ కష్టం కాలేదు. ఫోన్‌లో ఒకాయన ఇలాంటి కారుకే బ్రేకు లైట్ల రిపేరు చేసిన వీడియో దొరికింది. నేను తల పెడళ్ళ దగ్గర, నడుము కారు తలుపు గడప మీద, కాళ్ళు బయట పెట్టి పడుకొని పైకి చూశాను. బ్రేకు పెడల్ పైకొస ఒక ఇనుప పట్టీ. దాని ఎదురుగా ఒక చిన్న స్విచ్, దానికి సన్నని మొన. ఆ మొన పట్టీకి తొడిగిన ప్లాస్టిక్ బిళ్ళ మీద ఆనుకొని ఉండాలి. ఆనుకున్నంతసేపూ లైటు ఆరి ఉంటుంది. పెడల్ దిగితే మొన బయటికి వచ్చి లైటు వెలుగుతుంది, క్రూజ్ వదిలేస్తుంది. మా కారులో ఆ బిళ్ళ సగం విరిగిపోయింది. మొన మిగిలిన సగం అంచున నిలబడి ఉంది. కారు కుదుపుకు అంచు మీదినుంచి జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. విరిగిన సగం మ్యాట్ కింద దొరికింది. వేలి గోరంత ఉంది.

స్విచ్ బాగానే ఉంది కాబట్టి కంప్యూటర్ దాని తప్పు చూపించలేదు. అది తనకు తెలిసిందే చెప్పింది. నాకు సూపర్‌వైజర్ మీద కోపం రాలేదు. అతను పైకి చూసి ఉంటే కనబడేది, అంతే. నేనూ చూడలేదు కదా.

విరిగిన ముక్క పట్టుకొని తన స్కూటర్ మీద హబ్సిగూడ వైపు స్పేర్ పార్టుల షాపుకు పోయాం. అతను వెనక డబ్బాల్లో వెతికి అలాంటిదే ఒకటి ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక దాన్ని తొడగడం మాత్రం మధ్యాహ్నం దాకా పట్టింది. నా చెయ్యి ఆ సందులో పట్టలేదు. రెండుసార్లు బిళ్ళ జారి సీటు కింద పడింది. మూడోసారి పడ్డప్పుడు "లేవు" అంది మా ఆవిడ. కళ్ళజోడు పెట్టుకొని, చున్నీ నడుముకు చుట్టుకొని తను లోపలికి దూరింది. నేను పెడల్‌ను చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో ఫోన్ లైటు చూపించాను.

"పెట్టిన" అంది కొంతసేపటికి. "వెనకకు పోయి చూడు. నేను మెల్లగ నొక్కుత."

వెనక నిలబడ్డాను. వెలగలేదు.

"నొక్కు."

"నొక్కుతున్న."

"ఇంకా నొక్కు. ఆ, ఇప్పుడొచ్చింది."

"గింత లేటుగనా? గిట్ల ఉంటే వెనకొచ్చేటోడు మనకు గుద్దుతడు."

బిళ్ళ పూర్తిగా దిగలేదు. ఎత్తుగా నిలబడి మొనను ఎక్కువ నొక్కేస్తోంది. తను స్క్రూడ్రైవర్ పిడితో నెట్టితే టక్కుమని కూర్చుంది. ఈసారి పెడల్ మీద చెయ్యి వేయగానే లైటు వెలిగింది, తీయగానే ఆరింది. ఇద్దరం డిక్కీ మీద పడి ఎంత ఊపినా గోడ బూడిదరంగులోనే ఉంది. పైకి వచ్చి, చేతులు సబ్బుతో రుద్దుకొని, పొద్దుటి పప్పుచారే వేడి చేసుకొని తిన్నాం.

క్యాంపస్‌లో ఆ వేగం కుదరదు కాబట్టి, పరీక్షకు ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే ఘట్‌కేసర్ దగ్గర రింగ్ రోడ్డు ఎక్కాం. నేనే నడిపాను. చాలా రోజుల తర్వాత స్టీరింగ్ పట్టుకున్నాను. ఎనభై దగ్గర బటన్ నొక్కి కాలు పక్కన పెట్టాను. మా ఆవిడ రోడ్డు చూడటం మానేసి నా పాదమే చూస్తూ కూర్చుంది.

"నా కాలేం పారిపోదు" అన్నాను.

"చూడనియ్యి."

వంతెనలు వచ్చాయి, అతుకులు వచ్చాయి. కారు ఎగిరి దిగినప్పుడల్లా నా కళ్ళు పచ్చలైటు మీదికి పోయేవి. అది ఆరలేదు. కావాలని ఒకసారి బ్రేకు తాకాను. వదిలేసింది. మళ్ళీ పెట్టాను. పట్టుకుంది. రోడ్డుకు రెండువైపులా గడ్డి మీద ఇంకా మంచు ఉంది. అలాగే చాలా దూరం పోయాం.

తిరిగొస్తూ ఒక హోటల్ దగ్గర ఇడ్లీ తింటుంటే నేను చాలా హుషారుగా ఉన్నాను. ఇంకో ప్లేటు చెప్పబోతే తను చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోతున్నం."

"ఇంకెందుకు? తప్పు కారుదే అని తేలింది కదా."

"కారు సంగతి తేలింది. చెప్పు జారింది కారులోనా?"

ఇడ్లీ ముక్క చట్నీలో తిప్పుతూ కూర్చున్నాను.

మా వీధి చివరి క్లినిక్‌లో డాక్టరమ్మ నా వయసుదే. సాక్సులు విప్పించి, పాదాలు రెండూ బల్ల మీద పెట్టించింది. సన్నని దారంలాంటిది వేళ్ళకు ఆనిస్తూ, కళ్ళు మూసుకొని తెలిసినప్పుడల్లా చెప్పమంది. కొన్నిచోట్ల చెప్పాను. కొన్నిచోట్ల ఆమె ఎదురుచూస్తున్నట్టు అనిపించి చెప్పాను. తర్వాత ఇనుప ట్యూనింగ్ ఫోర్కు ఒకటి మోగించి నా బొటనవేలు ఎముక మీద పెట్టింది.

"అదురు ఎప్పుడు ఆగితే అప్పుడు చెప్పండి."

"ఆగింది" అన్నాను.

ఆమె దాన్ని తీసి మా ఆవిడ వేలి మీద పెట్టింది. మా ఆవిడ దాని వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. దగ్గరికి వంగితే నాకు కూడా వినిపించింది. ఫోర్కు ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.

"వేళ్ళ దాకా స్పర్శ తగ్గింది" అంది డాక్టరమ్మ. "అరికాలు చాలావరకు బాగానే ఉంది, కాల్లో బలం ఉంది. పోయింది తిరిగి వస్తుందని చెప్పను. షుగర్ అదుపులో ఉంటే ఇంకా పోకుండా చూసుకోవచ్చు."

"కారు?" అని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"ఇప్పటికి నడపండి. చెప్పులతో వద్దు, వెనక పట్టీ లేనివి అసలు వద్దు. పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి. ఒక్కరే గంటలు గంటలు నడపకండి. కొన్ని నెలలకొకసారి వచ్చి చూపించండి. నేను ఆపమన్న రోజు ఆపాలి."

సరేనన్నాను. బయటికి వచ్చాక మెట్ల మీద కాసేపు నిలబడ్డాం. ఎదురుగా బస్టాపులో జనం ఉన్నారు. నాకు దుఃఖం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఇన్నాళ్ళూ చీకట్లో తడుముకున్న దానికి ఒక అంచు దొరికినట్టు అనిపించింది. ఇక్కడి దాకా పోయింది, ఇక్కడి నుంచి ఉంది. ఆ లెక్కన బతకొచ్చు. మా ఆవిడ మాత్రం ఇంటికి పోయేదాకా నా చెయ్యి వదల్లేదు. తార్నాక రోడ్డు మీద మేం అలా నడిచి చాలా ఏళ్ళైంది.

ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు తను నా పాదాలు చూస్తుంది. ఎక్కడైనా గీరుకుందా, బొబ్బ లేచిందా అని. మొదట్లో సిగ్గనిపించి కాళ్ళు లాక్కునేవాణ్ణి. ఇప్పుడు నేనే చాపుతాను. బూట్లు లేకుండా సెల్లార్ దిగితే లిఫ్ట్ దగ్గరే ఆపేస్తుంది.

సెలవుల్లో ఆదివారాలన్నీ పొద్దున్నే రింగ్ రోడ్డు మీద తనకు హైవే డ్రైవింగ్ నేర్పాను. నేర్పాను అంటే పక్కన కూర్చున్నాను. లారీ పక్కనుంచి పోతే మొదట్లో బిగుసుకుపోయేది. క్రూజ్ కంట్రోల్ బటన్ దగ్గరికి మాత్రం చాలా రోజులు పోలేదు. "నా చేత్తో పెట్టిన బిళ్ళ, నాకే నమ్మకం లేదు" అనేది. ఒక ఆదివారం చెప్పకుండానే నొక్కింది. పాదం మెల్లగా పైకి లేపి, కింద పెట్టి, ముందుకు చూస్తూనే, "గిది బాగున్నది" అంది.

పోయిన నెల అక్కకు కంటి ఆపరేషన్ అయితే ఇద్దరం కడప పోయాం. కర్నూలు దాకా నేను నడిపాను. అక్కడ టీ తాగాక తను తాళాలు అడిగింది, ఇచ్చాను. ఊరు దాటి రోడ్డు సాఫీగా అయ్యాక ఎనభై మీద పెట్టుకుంది. నేను సీటు వెనక్కి వాల్చుకొని, బూట్లు విప్పి, నంద్యాల దాటేదాకా నిద్రపోయాను.